బుడిపె లేని బానెట్

మా అన్నయ్య జీపు ఇంజను చచ్చిపోయిన రోజున మా వదిన అయ్యో అనలేదు. నేరుగా షెడ్డులోకి వెళ్ళి గోడ ముందు నిలబడింది. చెవి మీది సుద్దముక్క తీసి, ఆ బండి తాలూకు అంకెల పక్కన ఒక సున్నా చుట్టి, "ఇంజను పోయింది. చాసిస్ బతికే ఉంది," అంది. గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య వైపు చూడను కూడా లేదు.

ఆ గోడ సంగతి ముందు చెప్పాలి. మా షెడ్డుకి వచ్చిన ప్రతి బండి కొలతలూ దాని మీదే ఉంటాయి. కొత్త బండి రాగానే వదిన చాసిస్‌ని, అంటే బండి కింది ఇనుప చట్రాన్ని, ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, సుద్దతో గోడ మీద రాసి, మర్నాడు దాని మీద నల్ల పెయింటు దిద్దుతుంది. ఇక అంతే. ఒకసారి గోడ ఎక్కిన కొలతని మళ్ళీ కొలవడమంటే ఆవిడకి అవమానం. "టేపు సాగుతుంది, గోడ సాగదు," అంటుంది. నేను అదే షెడ్డులో ఇనుము చెక్కే లేతు మిషను మీద పని చేస్తాను. వెంట్రుక వాసి తేడా వచ్చినా ఆ పూట నాకు ముద్ద దిగదు. నా దగ్గర మిల్లీమీటరులో భాగాలు కూడా కొలిచే వెర్నియర్ ఉంది, దానికో తోలు సంచీ కూడా ఉంది. ముప్పై ఏళ్ళలో వదిన దాన్ని ఒక్కసారి కూడా అడిగి తీసుకోలేదు. బజారంతా ఆవిడని సుద్దముక్క అని పిలుస్తుంది. అలా పిలుస్తారని ఆవిడకి తెలుసు, తెలియనట్టు నటిస్తుంది.

ఆవిడ ఈ పనిలోకి వచ్చింది కూడా తగవు పెట్టుకునే. పెళ్ళయిన ఏడాదే అన్నయ్య జీపు చాసిస్ విరిగింది. అప్పట్లో ఈ షెడ్డు ఒక ముసలి వెల్డరుది. రేపు రేపు అని మూడు రోజులు తిప్పాడు. ఆ మూడు రోజులూ వదిన ఒక పాత టైరు మీద కూర్చుని అతని పని చూసింది. చూసి ఊరుకుంటే మా వదిన ఎందుకవుతుంది. ఇక్కడ అతుకు వంకరగా పడింది, అక్కడ రాడ్డు ఎక్కువ కాల్చావు అంటూనే ఉంది. నాలుగో రోజు అతను ముఖానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం తీసి ఆవిడ ఒళ్ళో పడేసి, "అంత తెలిస్తే నువ్వే చెయ్యమ్మా," అన్నాడు. చేసింది. ఆ అతుకు ఇప్పటికీ ఊడలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత అతను కళ్ళు మసకబారి ఇంటికి వెళ్ళిపోతూ, షెడ్డు తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ పాత టైరు మాత్రం తీసుకుపోయాడు, ఇంకెవరూ కూర్చోకుండా.

ఇక బుడిపె సంగతి. పాత జీపుకి వేరే బండి ఇంజను ఎక్కించాలంటే సాధారణంగా అది ఎక్కడో ఒకచోట పట్టదు. పొడుగైనా ఎక్కువవుతుంది, ఎత్తైనా ఎక్కువవుతుంది. మిగతా షెడ్లవాళ్ళు బానెట్‌కి కన్నం కోసి, పైన ఒక రేకు బుడిపె అతికించి, చేతులు దులుపుకుంటారు. మా వదినకి అది చూస్తే ఒళ్ళు మండుతుంది. కింద చాసిస్‌ని కోసి, అడ్డపట్టీని దించి, ఇంజనుకి లోపలే చోటు చెయ్యాలి గానీ పైన బుడిపె పెట్టడమేమిటని ఆవిడ వాదన. బుడిపె ఉంటే డ్రైవరుకి దగ్గరి గుంత కనపడదని కారణం కూడా చెబుతుంది. కారణం నిజమే. కానీ అసలు సంగతి గర్వం. బానెట్ మూసి అరచేత్తో ఇటు నుంచి అటు నిమురుతుంది చూడండి, ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఈ జీపుతో అన్నయ్య ఇరవయ్యారేళ్ళుగా కొండ ఎక్కి దిగుతున్నాడు. పైన పదకొండు చోట్ల ఇళ్ళున్నాయి, రోడ్డు లేదు, రాళ్ళ బాట ఉంది. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రి నర్సమ్మని ఎక్కిస్తాడు. ఉత్తరాలు, మందులు, గ్యాస్ బండలు పైకి, జ్వరాలవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు కిందకి. ఇంజను పోయిన వారానికి రవాణా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మూడు నెలల గడువు. ఫలానా సోమవారం నాటికి ఆఫీసు గుమాస్తాని ఎక్కించుకుని కొండ ఎక్కి దిగి చూపించాలి. లేకపోతే ఆ దారి మా వీధిలోనే నీలం బండి నడిపే ఆయనకి ఇచ్చేస్తారు. నీలం బండాయన అప్పటికే బండికి కొత్త టైర్లు వేయించుకున్నాడు.

వదిన ఇంజను వెతుకుతూ పాత ఇనుము కొట్లన్నీ తిరగడం మొదలుపెట్టింది. అన్నయ్య ఇంట్లో కూర్చున్నాడు. కొండ బాట కనిపించే కిటికీ ఒకటి ముందు గదిలో ఉంది. దాని దగ్గర ఇనుప కడ్డీల కాళ్ళ కుర్చీ, దాని మీద ఒక దిండు, దిండు మీద మా అన్నయ్య.

ఎప్పుడూ తిరిగే మనిషి ఇంట్లో కుదురుగా కూర్చుంటే ఏమవుతుందో మాకు అప్పుడు తెలిసింది. వాళ్ళతోనే ఉంటూ వంట చేసేది నేనే, మొదటి వారం నా డబ్బాలన్నీ సర్దాడు. సూదులు బటాణీల డబ్బాలోకి, బటాణీలు ఎక్కడికో పోయాయి. రెండో వారం కూరలో ఉప్పు గురించి ఉపన్యాసాలు. మూడో వారం నుంచి ఏమీ లేదు. ఇంజను దొరికిందా అని అడగడం కూడా మానేశాడు. "ఈయన నిట్టూర్పులకి పాలు విరిగిపోతున్నాయి," అని వదిన నా దగ్గర విసుక్కుంది. విసుగు పైకే. తెల్లారకుండా లేచి ఇంకో ఊరి ఇనుము కొట్టుకి బస్సు ఎక్కేది.

నా బాధ వేరు. కొండ బాట మీద ఏ బండి చప్పుడైనా వినిపిస్తే అన్నయ్య కుర్చీని కిటికీ దగ్గరికి లాగేవాడు. బండి పోగానే మళ్ళీ వెనక్కి. సిమెంటు నేల మీద ఆ ఇనుప కాళ్ళు కిర్రుమంటే పక్క గదిలో నాకు పళ్ళు పులిసిపోయేవి. "ఆ కుర్చీకి ఉన్నవి కాళ్ళా రంపాలా అన్నయ్యా," అని ఒకరోజు గట్టిగానే అన్నాను. రెండు రోజుల తర్వాత చప్పుడు ఆగిపోయింది. నా మాటకి ఇంట్లో ఇంత విలువ ఉందా అని పొంగిపోయాను గానీ, ఎలా ఆగిందో చూడలేదు. ఆ కుర్చీ చుట్టూ రోజూ చీపురు తిప్పేది నేనే.

గడువు ఇంకా పన్నెండు రోజులుందనగా ఇంజను దొరికింది. సరుకులు చేరవేసే వ్యానుది, డీజిలు ఇంజను, మంచి స్థితిలో ఉంది. జీపు పాత ఇంజను కన్నా జానెడు పొడుగు, బెత్తెడు ఎత్తు. వదిన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, గోడ మీది అంకెలు చూసి, "పడుతుంది," అంది. ఆ మాట విన్నాక మా షెడ్డులో ఇంకెవరూ నోరెత్తకూడదు.

పని పంచింది. ఇంజనునీ గేరుబాక్సునీ కలిపే గుండ్రటి పలక లేతు మీద తియ్యడం నా వంతు. దానితో పాటు చాసిస్‌కి ఇరవయ్యారేళ్ళుగా పట్టిన మట్టీ జిడ్డూ గీకడం కూడా నా వంతే. పలక అద్దంలా తీశాను. గీకడం దగ్గర కాస్త బద్ధకించిన మాట నిజం. కోత పడే చోటు వరకు గీకి, మిగతాది తర్వాత చూడొచ్చులే అనుకున్నాను.

వదిన ముందు అడ్డపట్టీని గ్యాస్ కట్టరుతో కోసింది. దాన్ని కిందకి వంపు తిరిగేలా కొత్తగా చేసి, అంగుళం ముందుకి జరిపి అతికింది. రేడియేటరుని ముందుకి నెట్టింది. ఇంజను కూర్చునే పట్టీలని చాసిస్ లోపలి పక్కలకి ఊడదీయడానికి వీలుగా టాకాలు వేసి, గొలుసు కప్పీతో ఇంజను దించి, తీసి, గోటి మందం గీకి, మళ్ళీ దించి, ఇలా తొమ్మిదిసార్లు. పదోసారి బానెట్ సాఫీగా మూసుకుంది. అరచేత్తో నిమిరింది. "చూశావా అమ్మాయ్," అంది. నాకు యాభై రెండు దాటాయి, ఆవిడకి నేనింకా అమ్మాయినే.

నేను కింద దూరి చూశాను. పైన సాఫీగా ఉంది గానీ ఇంజను బాగా కిందకి వచ్చేసింది. ఇంజను అడుగున నూనె ఉండే చాంబర్, ముందు ఇరుసు మధ్యలో ఉండే లావుపాటి ఇనుప బుర్ర మీదికి వంగి చూస్తున్నట్టుంది. బండి అప్పుడు చెక్క మొద్దుల మీద ఎత్తి ఉంది, ఇరుసు కిందకి వేలాడుతోంది కాబట్టి మధ్యన బోలెడు సందు. కానీ బండి గుంతలో పడితే కింది స్ప్రింగు కమాన్లు నొక్కుకుపోయి ఇరుసు పైకి లేస్తుంది కదా.

"దానికే కదా చాసిస్ కింద రబ్బరు దిమ్మలున్నది," అంది వదిన. "ఇరుసు ఎంత లేచినా ఆ దిమ్మకి తగిలి ఆగుతుంది. దిమ్మ ఎత్తు గోడ మీద ఉంది. అది పోగా ఇంకా చిటికెన వేలు దూరేంత సందు మిగులుతుంది."

"ఒకసారి జాకీ పెట్టి ఇరుసు పైకి లేపి చూద్దాం వదినా."

"ఆ దిమ్మలు నేనే బిగించాను. నాకు చెబుతావా."

పక్కనే అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి హఠాత్తుగా దగ్గొచ్చింది. మూడుసార్లు దగ్గి, గ్లాసు అక్కడే పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు. టీ గొంతుకి అడ్డం పడిందనుకున్నాను.

శనివారం పొద్దున్న ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. మూడు నెలల తర్వాత అన్నయ్య స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు రెండూ దాని మీద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు, మేం కూడా తొందరపెట్టలేదు. వదిన పక్కన కూర్చుంది, నేను వెనక బియ్యం బస్తా ఎక్కినట్టు ఎక్కాను. ఊరి చివర ఎండిపోయిన వాగు ఉంది, కొండ బాటకి చిన్న నమూనాలా ఉంటుంది. మొదటి రెండు గుంతలు దాటాం. అన్నయ్య ఈల వేయడం మొదలుపెట్టాడు. వదిన కిటికీ బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. మూడో గుంత కాస్త లోతు. బండి ముందు భాగం దిగింది, కింద నుంచి టంగుమని ఒక దెబ్బ. నా వెన్నులోంచి పైకి పాకి తల్లోంచి బయటికి పోయింది. బండి ఆగింది. దిగి చూస్తే వాగు ఇసక మీద నల్లగా నూనె పారుతోంది.

వదిన ఇసకలో వెల్లకిలా పడుకుని బండి కిందకి దూరింది. చాలాసేపు ఆవిడ కాళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత, "అమ్మాయ్, స్క్రూడ్రైవరు," అంది. ఇచ్చాను. ఏదో గీకుతున్న చప్పుడు. మట్టి పెళ్ళలు రాలాయి. మట్టి తర్వాత గ్రీసు, గ్రీసు తర్వాత నూనె తుడిచే దూది ఉండలు ఉండలుగా.

"ఇటు రా," అంది.

నేనూ దూరాను. చాసిస్ కింద రబ్బరు దిమ్మ ఉండాల్సిన ఇనుప గిన్నె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. రెండో వైపుదీ అంతే. దూది కుక్కి, గ్రీసు మెత్తి, పైన మట్టి పూసి, చూసేవాళ్ళకి నిండుగా కనిపించేలా ఎవరో ఎంతో ఓపికగా పూడ్చారు. నేను ఆ పక్కనే జానెడు దూరంలో గీకడం ఆపేశాను. ఇంకో పది నిమిషాలు ఓపిక పట్టి ఉంటే సరిపోయేది.

బయటికి వచ్చేసరికి అన్నయ్య కొండని చూస్తున్నాడు. ఆ కొండని ఇరవయ్యారేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు, ఆ రోజు చూసినంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

మా వదిన అన్నయ్యని మామూలుగా మీరు అంటుంది. తమరు అందంటే మేం తలుపులు దగ్గరికి వేసుకుంటాం.

"దిమ్మలు ఎక్కడున్నాయో తమరికేమైనా తెలుసా?"

"నాలుగూ భద్రంగానే ఉన్నాయి."

"నాలుగూనా?"

"కుర్చీకి నాలుగు కాళ్ళు కదా," అన్నాడు అన్నయ్య. "చప్పుడవుతోందని అమ్మాయి అంది," అని చేర్చాడు. ఇద్దరూ నా వైపు చూశారు. నేనూ కొండ వైపు చూశాను.

"షెడ్డులో ఇంకే రబ్బరూ లేదా? పాత ట్యూబులు లేవా? బండి నుంచే పీకాలా?"

 అన్నయ్య ఇసకలో నూనె మరక మీద చెప్పుతో మట్టి కప్పుతూ నిలబడ్డాడు.

"అది ఇక లేవదనుకున్నాను," అన్నాడు. "అదీ నేనూ ఒకే రోజున అయిపోయాం అనుకున్నాను. అయిపోయినదానికి దిమ్మలెందుకు, కుర్చీకైనా పనికొస్తాయని తీసేశాను. తర్వాత నువ్వు ఇంజను తెచ్చావు. ఊళ్ళు పట్టుకు తిరిగి వెతికావు కదా. నువ్వలా తిరుగుతుంటే నేను ఇంట్లో కూర్చుని దాన్ని చచ్చినదాని కింద జమకట్టేశానని నీకు ఏ ముఖంతో చెప్పను. ఎవరూ లేనప్పుడు మళ్ళీ పెట్టేద్దామని చూశాను. కుర్చీ కాళ్ళకి బిగుసుకుపోయాయి. లాగితే కుర్చీ వస్తోంది గానీ దిమ్మ రావడం లేదు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. మూడు నెలలు గోడకి ఇవతల ఉండి నేను కుర్చీ చప్పుడే విన్నాను. అది ఆగిందని సంతోషించాను. లోపల మా అన్నయ్య కొంచెం కొంచెంగా ఆరిపోతున్నాడని నాకు తట్టనే లేదు. తోలు సంచీలో వెర్నియర్ పెట్టుకు తిరిగే మనిషిని నేను.

వదిన తిట్టలేదు. వాగు గట్టు మీద కూర్చుని, చెవి మీది సుద్దముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకుంది. "పదండి. రేపొక్క రోజే ఉంది," అంది.

ఇటుకల ట్రాక్టరాయన తాడు కట్టి బండిని షెడ్డుదాకా లాగాడు. బజారంతా చూసింది. నీలం బండాయన తన గుమ్మంలో నిలబడి ఎంతో సానుభూతిగా తల ఊపాడు. ఆ తల మీద నా లేతు మిషను పడేద్దామన్నంత కోపం వచ్చింది.

ఇంటికి వెళ్ళి వదిన కుర్చీని తలకిందులు చేసింది. సబ్బు నీళ్ళు పోసి, మెలి తిప్పి, దిమ్మలు ఒక్కొక్కటే ఊడబీకింది. నాలుగూ నేల మీద వరసగా పెట్టి చూసింది. అరిగిపోయాయి. గరుకు నేల మీద ఈడ్చి ఈడ్చి అడుగులు పోయాయి. అందులోనూ రెండు మరీ ఎక్కువ అరిగాయి, ఒకే వైపుకి ఏటవాలుగా. ఆ రెండూ కిటికీ వైపు కాళ్ళవి. మనిషి అటే ఒరిగి కూర్చున్నాడన్నమాట, రోజూ, గంటల తరబడి.

వదిన ఆ ఏటవాలు మీద బొటనవేలు పెట్టి రాసింది.  తర్వాత దిమ్మ నా చేతికిచ్చి, "కొలువు," అంది.

నేను విన్నది నిజమేనా అని ఆవిడ ముఖం చూశాను. సంచీలోంచి వెర్నియర్ తీసి కొలిచాను. గోడ మీదున్న కొలత కన్నా పదకొండు మిల్లీమీటర్లు తక్కువ. వదిన లెక్కలో మిగిలిన సందంతా అందులోనే పోయింది. ఏ ఇనుము కొట్టు చూసినా ఆదివారం తెరవరు, కొత్త దిమ్మలు రావాలంటే వారం.

"పర్వాలేదు వదినా," అన్నాను. "దిమ్మ పైన అంత మందం ఇనుప పలక వేసి బిగిద్దాం. గంటలో తీసిస్తాను. ఇరుసు పాత చోటే ఆగుతుంది. ఇంజను కదపక్కర్లేదు. నీ బానెట్ నీకుంటుంది."

తెలివైన మాటే అన్నాననుకున్నాను. వదిన దిమ్మని నేల మీద పెట్టి పిడికిలితో కొట్టింది.

"విను. రాయిలా ఉంది. మెత్తన పోయింది, ఎత్తు పోయింది. దీని మీద ఇనుము పెడితే ప్రతి గుంతలోనూ ఇనుము మీద ఇనుమే. బండికేం కాదు. ఆ దెబ్బ ఎక్కడికి పోతుందనుకున్నావు? సీట్లో కూర్చున్నాయన నడుముకి. అరవై దాటిన నడుము. రోజుకి రెండుసార్లు, కొండ ఎక్కి దిగి." లేచి నిలబడింది. "ఇనుప ముక్క వద్దు. ఇరుసుని పైదాకా ఆడనిద్దాం, అప్పుడు దిమ్మకి తొందరగా తగలదు. ఇంజనే పైకి లేపుదాం."

"లేపితే బానెట్ మూసుకోదు."

"తెలుసు."

ఆ ఒక్క మాటతో సుద్దముక్క ముప్పై ఏళ్ళ సిద్ధాంతం ముగిసిపోయింది. నేను చేతిలో వెర్నియర్ జారిపోకుండా గట్టిగా పట్టుకున్నాను.

ఆదివారమంతా పని చేశాం. తను అతికిన పట్టీలని తనే గ్రైండరుతో కోయాల్సి వచ్చింది. అవి ఊడితేనా. "ఏ దరిద్రుడు అతికాడే దీన్ని," అని తనని తనే తిట్టుకుంటూ మధ్యాహ్నందాకా కోసింది. అన్నయ్య ఇంట్లో కూర్చోలేదు, కూర్చోవడానికి కుర్చీ తలకిందులుగా ఉంది. కప్పీ గొలుసు లాగాడు, జాకీ పట్టాడు, పగిలిన చాంబర్‌ని సుత్తితో సరిచేసి అతకడానికి వదినకి అందించాడు. ఎక్కడ పట్టుకోవాలో వదిన చెప్పింది, ఎక్కడ పట్టుకున్నా తప్పే అంది. మూడు నెలల తర్వాత ఇంట్లో మామూలు గొడవ వినిపించి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంజను అంగుళమున్నర పైకి లేచాక జాకీ పెట్టి ఇరుసుని దిమ్మ తగిలేదాకా ఎత్తి చూశాం. వదినే ఎత్తింది. మధ్య సందులోకి వేళ్ళు పెట్టింది. రెండు వేళ్ళు, మీద ఇంకాస్త. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, దిమ్మ అని ఉన్న చోట పాత అంకె గీకేసి, నా కొలత రాసింది, చుక్క తర్వాతి అంకెతో సహా.

బానెట్ మాత్రం ఒకచోట లేచి ఉండిపోయింది. వదిన అక్కడ సుద్దతో గుండ్రంగా గీసి, కళ్ళు సగం మూసుకుని కోసేసింది. కన్నం మీదికి సరైన రేకు దొరకలేదు. వంటింట్లోకి వెళ్ళి నా ఇనుప మూకుడు తెచ్చింది. అది నాది, నా చేతికి అలవాటైన మూకుడు. చెవులు కోసి, బోర్లించి, చుట్టూ అతికేసింది. పెయింటు వేశాక కూడా మూకుడు మూకుడులాగే ఉంది. అన్నయ్య సీట్లో కూర్చుని చూసి, దగ్గరి గుంతలు కనపడవన్నాడు. వదిన ముఖం అదోలా అయింది. అన్నయ్య దిగి ఇంట్లోకి వెళ్ళి, కుర్చీ మీది దిండు తెచ్చి సీటు మీద వేసుకుని ఎక్కి, "ఇప్పుడు కనపడుతున్నాయి," అన్నాడు. దిమ్మలు, దిండు, మూకుడు. సగం ఇల్లు బండిలోకి చేరింది.

సోమవారం రవాణా ఆఫీసు గుమాస్తా వచ్చాడు. బక్కపలచటి మనిషి, చంకలో అట్ట, జేబులో మూడు పెన్నులు. నీలం బండాయన కూడా పని ఉన్నట్టు ఆ దారినే వచ్చి నిలబడ్డాడు. గుమాస్తా బండి చుట్టూ తిరిగి బానెట్ దగ్గర ఆగాడు.

"ఇదేమిటమ్మా, ఏదో లేచినట్టుందే?"

బజారు మొత్తానికి చెవులు పెరిగాయి. మా వదిన బానెట్లకి బుడిపెలు పెట్టదని ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. బుడిపె బండి ఉన్న ప్రతివాడూ ఆవిడ చేత ఎప్పుడో ఒకప్పుడు మాట పడ్డవాడే.

"బుడిపె," అంది వదిన. "నేనే పెట్టాను."

గుమాస్తా రాసుకుని బండెక్కాడు. అన్నయ్య దిండు సర్దుకున్నాడు. బండి మలుపు తిరిగిందాకా వదిన కదల్లేదు. తర్వాత షెడ్డులోకి వచ్చి రాడ్డు ఒకటి తీసింది, పెట్టేసింది. గ్రైండరు వేసింది, ఆపేసింది. "నేను కాసేపట్లో వస్తాను," అని ఇంటికి నడిచింది. ముప్పై ఏళ్ళలో పనివేళలో ఆవిడ ఇంటికి వెళ్ళడం నేను చూడలేదు. వెనకే వెళ్ళాను.

ముందు గదిలోంచి కిర్రుమని చప్పుడు. దిమ్మలు లేని ఆ ఇనుప కాళ్ళ కుర్చీని వదిన కిటికీ దగ్గరికి లాక్కుంటోంది. దిండు కూడా లేని కుర్చీలో కూర్చుని కొండ బాట వైపు చూస్తోంది. పైన ఎక్కడో ఇంజను చప్పుడు వినిపిస్తే ముందుకి ఒరిగేది, వినిపించకపోతే కుర్చీని ఇంకాస్త జరిపేది. ప్రతిసారీ అదే కిర్రు. నాకు పళ్ళు పులవలేదు. గోడకి ఆనుకుని నేనూ అక్కడే నిలబడ్డాను.

రెండు గంటలు పట్టింది. బండి కొండ దిగి, వీధిలోకి వచ్చి, ఇంటి ముందు ఆగింది. హారను రెండుసార్లు మోగింది. గుమాస్తా దిగి, కాళ్ళు నిలదొక్కుకుని, అట్ట మీద సంతకం పెట్టి కాగితం చింపి అన్నయ్యకిచ్చాడు. వదిన లేచి ఎదురెళ్ళలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని కూర్చునే ఉంది.

అన్నయ్య లోపలికి వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, నోట ఈల. కాగితం బల్ల మీద పెట్టి, అలవాటుగా కిటికీ వైపు నడిచి, వదినని చూసి ఆగిపోయాడు.

"కాస్త లే. ఐదు నిమిషాలు కూర్చుంటాను."

"ఇది నాది," అంది వదిన, కిటికీ నుంచి చూపు తిప్పకుండా. "మీ సీటు బయట ఉంది. రేపు మంగళవారం, నర్సమ్మ ఎదురుచూస్తుంది. వెళ్ళి టైర్లలో గాలి చూసుకోండి."

అన్నయ్య సరేనని వెళ్ళిపోయాడు. వదిన కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా లాక్కుని, అతను వంగి టైర్లు ఒక్కొక్కటే చూసుకోవడం చూస్తూ కూర్చుంది.